బడిని చెవితో చూసిన టీచరుగారు

మా టీచరుగారు పోయారని మా అబ్బాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. "మరి బుజ్జి సీటు సంగతి ఏంట్రా?" అన్నాను. ఆవిడ మీద ఇంకా దండైనా పడలేదు, నాకు నా మనవరాలి బడి గుర్తొచ్చింది. ఆ మాట ఇప్పటికీ గొంతులో చేప ముల్లులా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆవిడ మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే టీచరు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. బడికి వెళ్లని పిల్లల పేర్లు రాసుకోవడానికి మూడేళ్ల కిందట స్కూటీ మీద మా ఊరు వచ్చారు. అప్పటికి బుజ్జికి ఏడేళ్లు. రెండు బళ్లు వద్దన్నాయి. మనిషి మొహం చూడదు, పలకరిస్తే పలకదు, గట్టి చప్పుడైతే చెవులు మూసుకుని నేల మీద పడి అరుస్తుంది. మా కోడలు రొయ్యల తలలు తీసే షెడ్డుకి, అబ్బాయి చెరువుల్లో రొయ్యల పట్టుబడికి వెళ్లిపోతే పిల్లతో ఇంట్లో ఉండేది నేనే. ఆవిడ స్కూటీ ఆపగానే పిల్లని గదిలోకి తోసి తలుపు వేశాను.

"మా ఇంట్లో పిల్లలు లేరండి" అన్నాను.

ఆవిడ గుమ్మం దగ్గరున్న చిన్న చెప్పులు చూశారు. "కాస్త మంచినీళ్లిస్తారా మామ్మగారూ" అని అరుగు మీద కూర్చున్నారు. ఒక్క గ్లాసు నీళ్లు గంటసేపు తాగారు. చివరికి పిల్లే తలుపు తీసుకుని బయటికొచ్చింది.

ఆ వేళకే మా అబ్బాయి ట్రేలో రొయ్యలు తెచ్చాడు. రొయ్యల ధర కౌంటుని బట్టి ఉంటుంది, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. తూచి, ఒక్కొక్కటీ ఎంచితే గానీ తేలదు. బుజ్జి ట్రే వైపు ఓరగా చూసి "నలభై మూడు" అంది. మాకది అలవాటే. వింత అనుకునేవాళ్లం గానీ చదువు అనుకోలేదు. టీచరుగారు కొంగు దోపుకుని, మా తక్కెడలో కిలో తూచి, తానే ఎంచారు. నలభై మూడు. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయారు.

"ఈ పిల్లకి తెలివేం తక్కువ లేదండి. దీనికి సరిపడే బడే ఎక్కడుందో చూడాలి" అన్నారు.

ఆవిడ బడి వెతికే పద్ధతి వేరు. వెళ్లగానే హెడ్మాస్టరు గదికి వెళ్లరు. చెప్పులు విడిచి, వరండాలో ఓ మూల కూర్చుని కళ్లు మూసుకుంటారు. గంటసేపు వింటారు. ఇనుప పట్టా మీద గంట కొడతారా, కరెంటు బెల్లా, ప్రార్థనకి మైకు పెడతారా, పక్కన రైస్ మిల్లుందా, రేకుల కప్పైతే వాన పడినప్పుడు ఎంత మోత. అన్నీ చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఓ బడిలో అలా కూర్చుంటే ఆయా కంగారుపడి, కళ్లు తిరిగాయనుకుని సోడా తెచ్చిందట. "మొత్తం తాగాకే చెప్పానండి, బాగానే ఉన్నానని" అని నవ్వారు.

"బడిని ముందు చెవితో చూడాలి మామ్మగారూ" అనేవారు.

ఎక్కడా కుదరలేదు. ప్రత్యేక పిల్లల బడిలో చప్పుడు లేదు. కానీ రోజంతా పూసలు గుచ్చమన్నారు. బుజ్జి వారం గుచ్చి, తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుంది. మామూలు బడిలో పెద్ద తరగతి లెక్కలు కూడా చేసేది. గంట మోగితే మాత్రం పిల్లని పట్టుకోవడానికి ముగ్గురు కావాలి. "ఒకచోట చెవులకి సుఖం, బుర్రకి పస్తు. ఇంకోచోట బుర్రకి తిండి, చెవులకి నరకం" అన్నారు టీచరుగారు. నేను ఏడిస్తే, "మామ్మగారూ, బెంగంతా ఇవాళే పడిపోకండి, రేపటికి కాస్త ఉంచుకోండి" అనేవారు.

ఇంతలో ఆవిడే కడుపులో జబ్బుతో రాజమండ్రి ఆస్పత్రిలో చేరారు. సీట్లు అయిపోతాయని నాకు నిద్ర పట్టలేదు. ఆవిడకి చెప్పకుండా బుజ్జిని భీమవరంలో ఓ పెద్ద ఇంగ్లీషు మీడియం బడికి తీసుకెళ్లాను. కూడా కిలో రొయ్యలు, ఐసు వేసి, స్టీలు క్యానులో. పని మీద ఎవరి దగ్గరికి వెళ్లినా చేపలో రొయ్యలో పట్టుకెళ్లడం మా వాళ్లలో మర్యాద. మర్యాదా జరుగుతుంది, పిల్ల తెలివీ తెలుస్తుంది అనుకున్నాను.

మేం వెళ్లేసరికి మైకులో ప్రార్థన అవుతోంది. బుజ్జి ప్రిన్సిపాలు గారి బల్ల కింద దూరింది. అద్దం బల్ల మీద రొయ్యలు గుమ్మరించి, "ఎంత కౌంటో చెప్పమ్మా, సారుకి చెప్పు" అన్నాను. ఐసు నీళ్లు ఆయన కాగితాల్లోకి పారాయి.

"ఏంటండీ ఇది? స్కూలనుకున్నారా, చేపల బజారనుకున్నారా?" అన్నారాయన.

నేను బల్ల కిందికి వంగి పిల్ల చెయ్యి గిల్లాను. చెప్పమని గట్టిగా గిల్లాను. అది అరవలేదు. ఎవరి మొహమూ చూడని పిల్ల ఆ ఒక్కసారి తిన్నగా నా మొహంలోకి చూసింది. ఆ రోజు నుంచి అంకె చెప్పడం మానేసింది.

ఆస్పత్రికి వెళ్లి ఆవిడ మంచం పక్కన కూర్చుని అంతా చెప్పుకున్నాను. ఆవిడ దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నారు. తర్వాత, "చెప్పకపోతే అంకె పోయినట్టు కాదండి. లోపల ఉంటుంది. మనం అడగడం మానేద్దాం" అన్నారు. ఇంకాసేపటికి, "మరి ఆ రొయ్యలేం చేశారు?"

"అక్కడే వదిలేసి వచ్చేశానండి."

"అయ్యో, నాకైనా తెచ్చారు కాదు. ఇక్కడి చారు తాగలేక చస్తున్నాను."

ఆస్పత్రి నుంచి వచ్చాక జుట్టంతా ఊడిపోయి, తలకి గుడ్డ కట్టుకుని, ఆటోలో మమ్మల్ని కాలవ గట్టు మీది ఓ చిన్న సర్కారు బడికి తీసుకెళ్లారు. ముప్పై మంది పిల్లలు. ఆవిడ కూర్చోలేక గోడకి ఆనుకుని విన్నారు. అన్ని బళ్లలో పిల్లకి ఏం వచ్చని అడిగేవారు. ఆ హెడ్మాస్టారు మాత్రం "ఏం పడదండి?" అని అడిగారు. చప్పుడు పడదన్నాం. "అయితే గంట కొట్టొద్దులెండి, చెయ్యి ఊపుతాం" అన్నారు. టీచరుగారు ఏడవడం నేను చూసింది అప్పుడే. మొదటి వారం బుజ్జితో తానే వచ్చి కూర్చుంటానని మాటిచ్చారు. వేసవి సెలవులయ్యాక బళ్లు తెరవడానికి తొమ్మిది రోజుల ముందు పోయారు.

ఆవిడ లేకపోయినా పిల్లని పంపమని హెడ్మాస్టారు కబురు పెట్టారు. కానీ అది ఐదో తరగతి వరకే ఉన్న బడి. బుజ్జిది ఇప్పుడు ఐదో తరగతే. ఆపైన హైస్కూల్లో వందల మంది, మైకు. అక్కడికెళ్లి ఎవరు కూర్చుని వింటారు? నాకు డెబ్బై దాటాయి.

బుజ్జి ఇంకా తరగతి లోపలికి వెళ్లడం లేదు. వరండాలో కిటికీ కింద, గోడకి వీపు ఆనించి కూర్చుంటోంది. హెడ్మాస్టారు లెక్కల కాగితం కిటికీ గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ఓ రాయి పెడుతున్నారు. పది రోజులు సాయంత్రం దాకా అవి అలాగే ఉన్నాయి. నేను గేటు బయట నిలబడి చూసి, పిల్లని తీసుకొచ్చేస్తున్నాను. నిన్న వెళ్లేసరికి రాయి పక్కకి జరిగి ఉంది. కాగితం లేదు. పిల్ల రెండు చేతులూ ఒళ్లో దాచుకుని కాలవ వైపు చూస్తోంది. కాలవ మీంచి గాలి వీస్తూనే ఉంది. అంత రాయి గాలికి జరగదు కదండీ.