టైలరక్క కట్టిన పేజీ

మందుల షాపుకీ మేడమెట్లకీ మధ్య మిగిలిపోయిన సందులాంటి గదిలో ఆమె ఇరవై రెండేళ్ళు మిషను తొక్కింది. కొలతలకి ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మం బయట ఆగాల్సిందే. ఆ మెట్లే ఆమె గదికి కప్పు కాబట్టి, పైకి ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో తలెత్తకుండానే చెప్పేది. కొత్త బట్టలు కుట్టడం కంటే పాతవాటికి మళ్ళీ ప్రాణం పోయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. నడుము పెరిగినవాళ్ళకి వదులు చేసేది, చిక్కినవాళ్ళకి బిగించేది, అన్నగారి కోటుని, అది అన్నదని తెలియకుండా, తమ్ముడికి సరిపోయేలా మార్చేది. ఆ వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె టైలరక్కే.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో ఆపరేటర్ గారు ఒకరు. తొమ్మిదో ఏట జ్వరంలో ఆయన చూపు పోయింది. ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేశారు. ఆ పని యంత్రాల చేతికి పోయాక గ్రంథాలయంలో ఫోను బల్ల దగ్గర కూర్చుంటున్నారు. ఉద్యోగం మారినా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఒకరోజు ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చినప్పుడు టైలరక్క ఉండబట్టలేక అడిగింది.

"ఏ చొక్కా ఏ రంగో మీకెలా తెలుస్తుందండీ?"

"మా చెల్లెలు ఉన్నన్నాళ్ళూ అది చెప్పేదమ్మా. ఇప్పుడు చేతికి ఏది తగిలితే అదే ఆ రోజు నా రంగు," అని నవ్వేశారాయన.

 తర్వాత ఆయన గుండీలు కుట్టించుకోవడానికి తెచ్చిన చొక్కాలన్నిటికీ కాలరు లోపలివైపు దారంతో చిన్న ముడులు వేసింది. తెల్లదానికి ఒకటి, నీలానికి రెండు, బూడిదరంగుకి మూడు. సంచీ అందిస్తూ ఆ సంగతి చెబితే ఆయన ఒక్కో కాలరూ తడిమి ముడులు లెక్కపెట్టుకున్నారు. "అమ్మా, నా బీరువాకి మీరు మాటలు నేర్పారు," అన్నారు చివరికి. ఆ రోజునుంచీ ఎలాగైనా ఆమె రుణం తీర్చుకోవాలని ఆయన కాచుకునే ఉన్నారు.

ఆ అవకాశం అనుకోకుండా వచ్చింది. మేడ పాతబడిందని యజమాని కూలగొట్టించాలనుకున్నాడు. అందరికీ మూడు నెలలు గడువిచ్చాడు. మందుల షాపువాళ్ళకి పెద్దవీధిలో ఇంకో చోటు దొరికింది. టైలరక్కకి మిగిలింది తన ఇంట్లోని వెనకగది ఒక్కటే. అదీ వెనకవీధిలో, మూడో అంతస్తులో. బోర్డు పెడితే పావురాలు తప్ప ఇంకెవరూ చూడరు.

"ఇరవై రెండేళ్ళుగా ఈ గదికే అలవాటైన కాళ్ళండీ వచ్చేవాళ్ళవి," అంది ఆపరేటర్ గారితో. "ఇక్కడ గది లేకపోతే అటే తిరిగి వెళ్ళిపోతాయి. మూడంతస్తులెక్కి నన్ను వెతుక్కునేంత అవసరం ఎవరికి?"

"వెతుక్కునేవాళ్ళు ఇప్పుడు ముందు ఫోన్లో వెతుకుతున్నారమ్మా. మీకో వెబ్ పేజీ ఉంటే సరి. మా గ్రంథాలయం తన వెబ్‌సైటులో ఈ వీధి పనివాళ్ళకి ఉచితంగా చోటిస్తోంది. పేజీ మాత్రం ఎవరిది వాళ్ళు తయారుచేసుకోవాలి."

"నేనా? నాకు ఫోనులో అలారం పెట్టుకోవడమే రాదు."

"గ్రంథాలయంలో నేనూ నేర్చుకున్నాను. మీకు నేర్పుతాను."

టైలరక్క దారం కొరకబోయినదల్లా ఆగిపోయింది. మనసులో మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆయనకది వినబడినట్టే ఉంది.

"చూపులేనివాడు ఏం నేర్పుతాడనేగా? పేజీకి ఎముకలూ ఉంటాయి, పైన బట్టలూ ఉంటాయి. ఎముకల్ని హెచ్‌టీఎంఎల్ అంటారు. అవి నాకు చెవితోనే తెలుస్తాయి. బట్టల్ని సీఎస్ఎస్ అంటారు. ఆ సూత్రాలు నేను చెబుతాను, చూసే పని మీది."

మర్నాడే తన పాత ల్యాప్‌టాప్ తెచ్చిచ్చారు. "దీని తెర సంగతి నాకు తెలీదు. పగిలిందో లేదో మీరే చూసుకోవాలి," అన్నారు. తెరకి కుడిపక్కన పైనుంచి కిందదాకా ఆకుపచ్చ గీత ఉంది. ఆమె ఆ మాట ఆయనకి చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నాలు బేరాలు పలచగా ఉంటాయి. పాఠాలు అప్పుడే సాగేవి. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని, గోడకి తల ఆనించి చెప్పేవారు. పెద్ద శీర్షికకి హెచ్ వన్, దానికింద చిన్నదానికి హెచ్ టూ, పేరాకి పి. ఏది తెరిచినా మూయాలి, మూసేటప్పుడు ముందు ఏటవాలు గీత పెట్టాలి. ఆమె మిషను పక్కనపెట్టి రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే ఆ చేతులకి ఆ కోణపు బ్రాకెట్లు పట్టుకునేసరికి తలప్రాణం తోకకొచ్చేది.

మొదటి పేజీలో నాలుగే వాక్యాలు. తన పని గురించి, ఫోను నంబరు గురించి. భద్రపరిచి తెరిచి చూస్తే తెరనిండా గుమ్మడికాయలంత అక్షరాలు. అన్నీ లావుగా, నల్లగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

ఆపరేటర్ గారు అదే పేజీని తన ఫోనుకి పంపించుకుని తెరిచారు. తెర మీదున్నదాన్ని చదివి వినిపించే గొంతు అందులో ఉంది. అది శీర్షిక, ఒకటో స్థాయి అంటూ మొదలుపెట్టి ఫోను నంబరుదాకా అంతా శీర్షికగానే చదివింది.

"హెచ్ వన్ మూయలేదమ్మా మీరు," అన్నారాయన.

"పెద్దగా అరుస్తున్నట్టుందండీ చూడ్డానికి."

"వినడానికీ అంతే."

చూస్తే నిజమే, మూసేచోట ఏటవాలు గీత లేదు. ఆ ఒక్క గీతా పెట్టగానే మిగతా అక్షరాలు ఒద్దికగా సర్దుకున్నాయి.  తన కంటికి కనిపించిన తప్పూ ఆయన చెవికి తగిలిన తప్పూ ఒకటే. తర్వాత ఆమె ఎన్నో నేర్చుకుంది కానీ, ఆ మంగళవారం కలిగిన ధైర్యం ఇంకెప్పుడూ కలగలేదని చెబుతుంది.

సీఎస్ఎస్ దగ్గరికి వచ్చేసరికి విచిత్రంగా బండి పరుగెత్తింది. లోపలి అక్షరాలకీ చుట్టూ ఉన్న గీతకీ మధ్య వదిలే జాగా ప్యాడింగు, గీతకి బయట వదిలేది మార్జిను అని ఆయన మూడు రకాలుగా చెప్పబోతే ఆమె మధ్యలోనే అందుకుంది. "ఒంటికీ చొక్కాకీ మధ్య వదులు, చొక్కాకీ పక్కవాడి చొక్కాకీ మధ్య ఎడం. అంతేగా?" ఆయన చేతులు జోడించారు. "ఇది అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది తల్లీ."

అలాగని అన్నీ సాఫీగా ఏం జరగలేదు. ఒక వంకర బ్రాకెట్టు మూయడం మరిచిపోయి, దానికింద రాసిన రంగులన్నీ ఎగిరిపోతే రెండురోజులు కంప్యూటరు మూసి పక్కన పెట్టేసింది. "ఆరంభశూరత్వం అంటే ఇదే," అని అత్తగారు దెప్పిపొడిచింది. ఆ మాటే ఆమె చేత మళ్ళీ తెరిపించింది.

ఈ అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. నోరు కాస్త కరుకే కానీ, కోడలు మిషను మీద ఉన్నన్నాళ్ళూ ఇంటిపని ఆమె మీద పడనివ్వలేదు. పేజీకి లేత బూడిదరంగు వేసి, మీద ఇంకాస్త ముదురు బూడిదరంగు అక్షరాలు పెట్టి, చాలా నాజూగ్గా ఉందని మురిసిపోతూ టైలరక్క మొట్టమొదట ఆవిడకే చూపించింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఏముంది అమ్మాయ్ ఇందులో?"

"అక్షరాలు అత్తయ్యా."

"పొగమంచులో పేలు పాకినట్టున్నాయి. ఇది కుర్రకారుకేనా? వయసు మీద పడ్డవాళ్ళం కూడా బట్టలు వేసుకుంటాం."

టైలరక్కకి ముందు మనసు చివుక్కుమంది. తర్వాత ఆపరేటర్ గారికి చెబితే ఆయన నవ్వలేదు. "ఆవిడ చెప్పింది బంగారంలాంటి మాట. ఈ విషయంలో నేనెందుకూ పనికిరాను. ఇకనుంచి మీ పరీక్ష పేపరు ఆవిడే దిద్దాలి," అన్నారు. తెల్లటి నేపథ్యం, చిక్కటి నల్ల అక్షరాలు, నొక్కితే తెరుచుకునే లంకెలకి ముదురు నీలం. కళ్ళజోడు లేకుండా ఫోను నంబరు అత్తగారు గడగడా చదివేదాకా టైలరక్క అక్షరం సైజు పెంచుకుంటూ పోయింది.

ఇక ఫోటోలు. తను బాగుచేసిన బట్టలు ఆరు ఫోటోలు తీసి వరసగా పెట్టింది. ఆపరేటర్ గారు ఫోను చెవికి ఆనించుకున్నారు. ఆ గొంతు మొదటి ఫోటో దగ్గర ఆగి ఐ, ఎమ్, జి, రెండు, సున్నా, నాలుగు, ఏడు అని ఫైలు పేరు చదివింది. రెండో ఫోటో దగ్గర అదే, చివర ఎనిమిది.

"ఇదేం బట్టమ్మా? రెండువేల నలభై ఏడా?" అన్నారాయన. గొంతులో ఎగతాళి లేదు.

ఆమె తల దించుకుంది. ప్రతి ఫోటోకీ అందులో ఏముందో మాటల్లో రాసిపెట్టే చోటుంటుందని, ఫోటో కనబడనివాళ్ళకి ఆ మాటలే ఫోటో అని ఆయన చెప్పారు. "కోటు అని రాసి ఊరుకోకండి. నాకు కోటంటే తెలుసు. ఆ కోటెలా ఉందో తెలీదు."

ఆ వారమంతా ఆమె ఆ ఆరు ఫోటోలతోనే గడిపింది. ఇరవై రెండేళ్ళుగా చేత్తో తెలిసినదాన్ని మాటల్లో పెట్టడం అంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. కుట్టు విప్పినట్టు రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. చివరికి మొదటి ఫోటోకి ఇలా కుదిరింది. "సీసా రంగు ఆకుపచ్చ ఉన్ని కోటు. మోకాళ్ళకి జానెడు పైదాకా వస్తుంది. చిరిగిన మోచేతుల మీద అదే రంగు మెత్తటి తోలు అతుకులు. గుండీలు నాలుగు, చెక్కవి, పట్టుకుంటే గరుకుగా ఉంటాయి."

ఆపరేటర్ గారు రెండుసార్లు విన్నారు. "గరుకుగా," అని తనలో తను అనుకున్నారు.

దారి రాయడం కూడా ఆయన పట్టుబట్టి చేయించారు. ఇద్దరూ బస్టాపునుంచి ఇంటిదాకా నడిచారు. ఆమె చూసినవి కాకుండా ఆయన కర్రకీ చెవికీ ముక్కుకీ తగిలినవి రాసుకుంది. బస్సు దిగి కుడికి అరవై అడుగులు, రొట్టెల బట్టీ వాసన వచ్చేచోట ఎడమకి, ఇనపగేటు, ఒక్కో అంతస్తుకి పద్దెనిమిది మెట్లు.

గది ఖాళీ చేసిన వారానికే పేజీ గ్రంథాలయం వెబ్‌సైటులోకి ఎక్కింది. మొదటి పది రోజులు ఎవరూ రాలేదు. పాత ఖాతాదారులు ఇద్దరు ఫోను చేసి మూడో అంతస్తా అని నిట్టూర్చి పెట్టేశారు. వెనకగదిలో మిషను ముందు కూర్చున్నా కాలు ఆడించడానికి పని లేదు. భర్త బస్సు డిపోనుంచి తన తోటి మెకానిక్కుల యూనిఫారాలు మోసుకొచ్చాడు, అవి చినగకపోయినా. ఆ సంగతి ఆమె కనిపెట్టింది కానీ పైకి అనలేదు.

పదకొండో రోజు ఉదయం తలుపు తట్టిన చప్పుడైంది. నలభై దాటిన ఒకావిడ, చేతిలో తెల్లకర్ర, ఒంటరిగా. కోర్టులో స్టెనోగ్రాఫరునని చెప్పింది. నగరం అవతలి చివరనుంచి రెండు బస్సులు మారి వచ్చింది.

"మెట్లు యాభై నాలుగు. మీరు రాసింది సరిగ్గానే ఉంది," అంది కూర్చుంటూ.

"మీతో ఎవరూ రాలేదామ్మా?"

"అవసరం పడలేదు." ఆవిడ సంచీలోంచి పాత కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు ఇరవయ్యో ఏట చూపు పోయింది. రంగులు గుర్తున్నాయి. అప్పట్నుంచీ నాతో దుకాణానికి వచ్చినవాళ్ళు నీకిది బావుంటుంది అని చెప్పడమే కానీ, అదెలా ఉందో చెప్పినవాళ్ళు లేరు. ఫోనులో వెతికితే మీ పేజీ దొరికింది. ఆరు ఫోటోల మాటలూ విన్నాను. ఆకుపచ్చ కోటు నాలుగుసార్లు విన్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి, నాకేం కావాలో నేనే ఎంచుకుని వచ్చాను. దీన్ని అలా చేసిపెడతారా?"

టైలరక్క టేపు కోసం లేచినట్టు లేచి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అప్పుడు వచ్చి ఆవిడ భుజాల కొలత తీసుకుంది.

ఆ కోటు తొడుక్కుని ఆవిడ కోర్టుకి వెళ్ళింది. ఆవిడ నోట ఇద్దరికి, ఆ ఇద్దరి నోట పదిమందికి తెలిసింది. చూపున్నవాళ్ళూ రావడం మొదలుపెట్టారు. పేజీ చదివితే ఏం దొరుకుతుందో ముందే తెలిసిపోతోంది, వచ్చి అడగక్కర్లేదు అన్నారు వాళ్ళు. మూడో అంతస్తా అని నిట్టూర్చినవాళ్ళలో ఒకాయన ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, అత్తగారిచ్చిన మంచినీళ్ళు తాగి, ప్యాంటు ఇచ్చి వెళ్ళాడు. ఆరు నెలలకి ఆమెకి మళ్ళీ చేతినిండా పని. గ్రంథాలయంవాళ్ళు మిగతా పనివాళ్ళ పేజీలు కూడా చూసిపెట్టమని అడిగారు. ఇప్పుడు శనివారాలు ఆమె, ఆపరేటర్ గారు కలిసి తాళాలు బాగుచేసే ఆయనకీ, కుర్చీలు అల్లే దంపతులకీ పాఠాలు చెబుతున్నారు.

కృతజ్ఞత చెప్పుకోవడం ఆమెకి నోటితో ఎప్పుడూ చేతకాలేదు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా పేజీ అడుగున చిన్న పేరా ఒకటి చేర్చి, తర్వాతి శనివారం ఆయన్ని ఒకసారి వినమంది. ఫోను గొంతు తాపీగా చదివింది. "ఈ పేజీ కట్టడం నాకు నేర్పినవారు గ్రంథాలయం ఆపరేటర్ గారు. ఇందులో ఏదైనా బాగుంటే అది వారి ఒక్కరి చలవ."

ఆయన ఆ పేరా దగ్గర ఫోను ఆపారు. 

"తప్పుందమ్మా."

"ఎక్కడండీ? మూశానే."

"ఒక్కరి అన్నది తప్పు. ఆ పొగమంచు తీయించినావిడ పేరేది?"

ఆమె అక్కడే కూర్చుని దిద్దింది. ఇంటికి వెళ్ళి అత్తగారికి చూపిస్తే, ఆవిడ కళ్ళజోడు లేకుండానే ఆ వరస పైకి చదివింది. ఇంకోసారి చదివింది. "అక్షరం కాస్త పెద్దది చెయ్యొచ్చుగా," అని, కోడలి తల మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది.