బురుల్ ఎడమచేతి బొమ్మలు

బురుల్‌ది కుడిచేతివాటం. రొట్టె తుంచినా, సూదిలో దారం ఎక్కించినా, పిల్లల ముక్కు తుడిచినా కుడిచేయే ముందుకొస్తుంది. చిన్నప్పుడు ఎడమచేత్తో రొట్టె ముట్టుకుంటే వాళ్లమ్మ చేతిమీద ఒక్కటి వేసేది. అలాంటి మనిషి ఏటా వసంతం రాగానే, నూరూజ్ పండుగకు ముందు, బడి వదిలాక చీకటిపడేదాకా కూర్చుని ఎడమచేత్తో బొమ్మలు వేసేది. ఆ బొమ్మల కింద పసిపిల్లల పేర్లు ఉండేవి. ఆమె పేరు ఎక్కడా ఉండేది కాదు. ఉండకూడదు కూడా.

కొండల నడుమ నారిన్ ఊరికి వెళ్లే దారిలో ఓ చిన్న పట్నం. అక్కడి బాలబక్చాలో, అంటే అక్షరాలింకా రాని పిల్లల బడిలో, బురుల్ టీచరు. చేరిన ఏడాదే పెద్ద టీచరమ్మ డామిరా అసనోవ్నా పిలిచి, బొమ్మల ప్రదర్శన చూడడానికి పైనుంచి తనిఖీ కమిషన్ వస్తోందని, పిల్లల తరఫున ఓ గోడ నిండా బొమ్మలు వేసిపెట్టమని చెప్పింది. బురుల్ వేసింది. డామిరా వాటిని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది.

"ఇంత బాగా వేస్తే ఎవరు నమ్ముతారే? ఎడమచేత్తో వెయ్యి. కాస్త వంకరుండాలి. అట్లాగని అసహ్యంగా ఉండకూడదు."

వంకరుండాలి, అసహ్యంగా ఉండకూడదు. ఆ బడిలో బొమ్మల పాఠం మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది. పిల్లలు నిజంగా వేసినవన్నీ వంకరే, అసహ్యమే అని డామిరా లెక్క. అవి ఆయా తొక్తొబూబూ పొయ్యిలోకి పోయేవి. తడి కట్టెలు అంటుకోవడానికి అవే బాగా పనికొస్తాయని ఆమె మెచ్చుకునేది కూడా.

బురుల్ చెప్పినట్టే వేసింది. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కాకపోతే బొమ్మలు అయ్యాక ఎడమచేతిని సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునేది. గోళ్ల కింద రంగు పోయాక కూడా రుద్దుతూనే ఉండేది.

అక్కడ రంగులకు కరువు లేదు, అదే ఇంకా రోత. బడి తెరిచే రోజుల్లో తల్లిదండ్రులంతా రంగుసీసాలు, కుంచెలు, రంగుకాగితాలు, బొమ్మలు చేసే మైనం కొనుక్కొచ్చి అప్పజెప్పేవాళ్లు. అవన్నీ వసారాలోని గాజు బీరువాలో ఎక్కి కూర్చునేవి. వచ్చినవాళ్లకు కనబడాలి, పిల్లలకు అందకూడదు. తాళంచెవి డామిరా నడుముకు వేలాడేది. ప్రదర్శనకు ముందు మొదటివరసలోంచి ఓ నాలుగు సీసాలు బురుల్ కోసం బయటికొచ్చేవి, మళ్లీ లోపలికి పోయేవి. వెనకవరసను ఎవరూ కదిలించలేదు. పిల్లలు గాజుకు ముక్కులు ఆనించి చూస్తే, ఆ ముక్కుల అచ్చులు సాయంత్రం తొక్తొబూబూ తిట్టుకుంటూ తుడిచేది.

పిల్లల చేతికి వచ్చేది ఒక్క మైనపుముద్ద. ఒకప్పుడు అందులో రకరకాల రంగులుండేవట. ఏళ్ల తరబడి నలిగి నలిగి అన్నీ కలిసి పేడరంగుకు తిరిగాయి. వెంట్రుకలు, రొట్టెపొట్టు, ఎవరిదో గోరుముక్క కూడా అందులో కలిసిపోయాయి. దాంతో ఏం చేసినా చివరికి పురుగే అయ్యేది. గుర్రం చేయమంటే పురుగు, చందమామ చేయమంటే చుట్టుకున్న పురుగు.

అలా కొన్నేళ్లు గడిచాక కుందూజ్ అనే పిల్ల బడికి వచ్చింది. అయిదేళ్లు నిండలేదు గానీ, తన పేరు ఎలా ఉంటుందో వాళ్ల నాయనమ్మ నేర్పింది. నూరూజ్ దగ్గరపడ్డాక ఓ పొద్దున వసారాలో గోడముందు ఆగి కదలనంది. ఎర్ర తులిప్ పూలు, నీలికొండ, తెల్ల గుడారం. కింద పేరు: కుందూజ్.

"ఎజె, ఈ కుందూజ్ ఎవరు?"

టీచరును అక్కడ పిల్లలు ఎజె, అంటే అక్క, అనే పిలుస్తారు. కుందూజ్ తానే తేల్చేసింది. బడిలో ఇంకో కుందూజ్ ఉంది. ఆ పిల్లకు బాగా వేయడం వచ్చు. అందుకే రంగులన్నీ ఆ పిల్లకిచ్చారు, తనకు పురుగుల ముద్ద ఇచ్చారు. ఇంతకీ ఆ పిల్లను ఎప్పుడూ బయటికి రానివ్వరేం? ఎక్కడ పెట్టారు?

ఏడ్చి ఉంటే బురుల్ ఎత్తుకుని ఊరడించేది. ఆ పిల్ల ఏడవలేదు. రోజూ ఆ బొమ్మ ముందు కాసేపు నిలబడి, ఆ తర్వాత బీరువా గాజులోంచి లోపలికి తొంగి చూసేది. మిగతా పిల్లలు కూడా ఆ ఇంకో కుందూజ్ గురించి గుసగుసలాడడం మొదలెట్టారు. ఆ సాయంత్రాల్లో బురుల్ ఎంత రుద్దినా చేయి శుభ్రపడినట్టు అనిపించలేదు. ఒక బిడ్డ దగ్గర ఆ బిడ్డ పేరే దొంగిలించాను అనుకుంది.

ఎండాకాలం ముందు ఇంకో ప్రదర్శన ఉంది, దానికి రాజధాని బిష్కెక్ నుంచే అధికారిణి వస్తోంది. ఈసారి బొమ్మలు వేయనని బురుల్ డామిరాతో చెప్పేసింది.

"పిల్లలే వేస్తారండి."

"ఆ పేడముద్దలు చూపించి నా పరువు తీస్తావా?"

పేడముద్ద ఇచ్చిందెవరో గుర్తుచేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, బొమ్మల బాధ్యత తనదేనని మాత్రం అంది. డామిరా గుర్రుగా చూసి, కమిషన్ వెళ్లాక నీ సంగతి చూస్తానంది.

బీరువా తెరుచుకోదు కాబట్టి బురుల్, పిల్లలు కలిసి వంటింటి మీద పడ్డారు. బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు, ఉల్లిపొట్టు కషాయం, పొయ్యి మసి. గోడలకు అంటించగా మిగిలిన పాత రంగుకాగితాల చుట్టలు తిరగేస్తే వెనక తెల్లగా ఉంది. తివాచీలు కుట్టే ఆడవాళ్ల దగ్గర మిగిలిన ఊలుముక్కలు తెచ్చి, మైదా ఉడకబెట్టిన జిగురుతో అంటించారు. చేతులు, చొక్కాలు, తొక్తొబూబూ తలగుడ్డ, అన్నీ ఎర్రబడ్డాయి. పొయ్యి అంటించడానికి కాగితాలు లేవని ఆమె గొణిగింది గానీ, మర్నాడు తనే ఇంకో కుండెడు బీట్‌రూట్ నీళ్లు కాచిపెట్టింది.

బొమ్మలు ఆరాక చుట్టచుట్టి ఊలుదారంతో కట్టమని బురుల్ చెప్పింది. అక్కడ తెర చాటున కూర్చున్న కొత్తకోడలిని వట్టి చేతులతో ఎవరూ చూడరు. ముఖం చూడాలంటే ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. దాన్నే కొరుమ్‌దుక్ అంటారు. పసిబిడ్డకైనా, కొత్త ఇంటికైనా అంతే. "మీ బొమ్మ కూడా కొత్తదే. కొరుమ్‌దుక్ ఇవ్వనిదే విప్పకండి" అంది. ఏం అడగాలన్నది పిల్లలకే వదిలేసింది. ఒకడు గుర్రం అడుగుదామన్నాడు.

"గుర్రం కావాలట దొరగారికి. ముందు ఆ ముక్కు తుడుచుకో" అంది తొక్తొబూబూ.

కుందూజ్ తన చుట్టను చంకలో పెట్టుకుని, నేనడుగుతాలే అంది.

అధికారిణి వచ్చింది, వెంట ఫొటోలు తీసే మనిషి. ఆ పొద్దునే బురుల్ పాత బొమ్మలన్నీ దింపేసింది. గోడలు ఖాళీగా ఉండేసరికి డామిరా ముఖం పాలిపోయింది. బొమ్మలేవని అధికారిణి అడిగితే కుందూజ్ లేచి నిలబడింది.

"కొరుమ్‌దుక్ ఇస్తే చూపిస్తాం."

అధికారిణికి ముచ్చటేసింది. సంచీలోంచి చాక్లెట్ తీసింది. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అది వద్దు. ఆ బీరువా తాళంచెవి కావాలి."

పిల్లలు ఏదో వాగుతున్నారని డామిరా సర్దబోయింది. కానీ అధికారిణి ఫొటో మనిషి వైపు చూసి, ఇలాంటివే మనకు కావాలంది. ఆచారం ఆచారమే కదా, ఇవ్వండంది. నడుమునున్న గుత్తిలోంచి తాళంచెవి ఊడి పిల్ల అరచేతిలోకి వచ్చింది. ఫొటో తీశారు. బీరువా తెరిచారు.

కుళ్లిన జిగురు వాసన గుప్పున కొట్టింది. వెనకవరసలోని రంగులన్నీ ఎండి పగుళ్లిచ్చి రాళ్లయి ఉన్నాయి. మైనం మీద తెల్లటి బూజు. రంగుకాగితాలన్నీ ఎండకు వెలిసి పాలు కలిపిన టీ రంగుకు వచ్చాయి. కుంచెల వెంట్రుకలు పురుగులు తినేశాయి. ఎన్ని తరాల పిల్లల కోసం కొన్న సామానో అది. దాచి దాచి దయ్యాల పాలు చేశారు.

అధికారిణి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. ఆ రుమాలు చాటునుంచే డామిరాతో, దీన్ని మూసేయండి, ఫొటోల్లో గాజు మూసే ఉండాలి, కొత్తవి తెప్పించి పెట్టండి అంది. డామిరా తలూపింది. బీరువా ఇలా అయినందుకు ఆ ఇద్దరిలో ఏ ఒక్కరికీ కళ్లలో సిగ్గు కనబడలేదు. ఆ తర్వాత మాంసం చల్లారిపోతోందని భోజనానికి వెళ్లిపోయారు.

కుందూజ్ సగం విప్పిన దారంతో నిలబడి ఉంది.

"చూడలేదేం ఎజె? కొరుమ్‌దుక్ ఇచ్చింది కదా."

తలుపు దగ్గరినుంచి డామిరా వెనక్కి తిరిగొచ్చి, తాళంచెవి ఇటివ్వమని చేయి చాపింది. అప్పుడు, అన్నాళ్లూ డామిరా మాట జవదాటని తొక్తొబూబూ చీపురు పక్కన పెట్టింది.

"ఇచ్చిన కొరుమ్‌దుక్ వెనక్కి గుంజుకుంటావా తల్లీ? ఊరు విందంటే, రేపు నీ ఇంట కోడలి ముఖం చూడ్డానికి వచ్చినోళ్లు ఉమ్మేసి పోతారు."

డామిరా చేయి వెనక్కి పోయింది.

ఆ చుట్టలన్నీ బురుల్ తానే విప్పించుకుంది. ఒక్కోదానికి ఒక్కో కొరుమ్‌దుక్ ఇచ్చింది. గుండీ, బోర్సోక్ రొట్టె, రిబ్బను ముక్క. కుందూజ్ బొమ్మలో మసితో గీసిన బీరువా ఉంది. అందులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పిల్ల.

"ఇది ఆ కుందూజ్. తాళం తీశాంగా, ఇంక వాళ్లమ్మ దగ్గరకి పోతుంది."

బురుల్ ఇంక దాచలేకపోయింది. ఆ కుందూజ్ లేనే లేదని, ఆ పూలు, ఆ కొండ తానే వేశానని, ఇదిగో ఈ చేత్తో వేశానని చెప్పి, తప్పయిపోయిందంది. పిల్ల ఆ ఎడమచేతిని పట్టుకుని తిప్పి చూసింది.

"అయితే బీరువాలో ఉన్నది నువ్వా, ఎజె?"

రాళ్లయిన రంగులను రోట్లో దంచి, గోరువెచ్చని నీళ్లు పోసి నానబెడితే చాలావరకు మళ్లీ రంగులయ్యాయి. పిల్లలు వాటిని ఎండాకాలమంతా పూసి పూసి తగలేశారు. బురుల్ ఎడమచేయి మళ్లీ కుంచె పట్టలేదు. అందుకు జీతంలో కోత పడింది, పడనీ అంది.

మంచిరోజులొచ్చాయని చెప్పాలనే ఉంది. రాలేదు. ఆ బీరువాకు కొత్త తాళం పడింది, లోపలికి కొత్త సీసాలు వచ్చాయి. పక్కగది టీచరు ఇప్పుడు ఎడమచేత్తో గీయడం నేర్చుకుంటోంది. కుందూజ్ మెడలో తాడుకు వేలాడే తాళంచెవి ఇప్పుడు దేనికీ పట్టదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీ పసివాళ్ల బడికి వెళ్లినప్పుడు గోడమీది చక్కటి బొమ్మలు చూసి మురిసిపోయి తిరిగి రాకండి. ఏ చేయి వేసిందో అడగండి. మీరు కొనిచ్చిన రంగులు ఎక్కడున్నాయో అడగండి. బీరువా ఉంటే మీ కళ్లముందే తెరిపించండి, సామాను పిల్లల చేతికొచ్చేదాకా అక్కడినుంచి కదలకండి. ఇంటికొచ్చాక మీ బిడ్డ వంకరబొమ్మ తెచ్చి చూపిస్తే, వట్టి చేతులతో చూడకండి.