మా వదిన ఎక్కిన ఫిక్సుడు సైకిలు

ఇదివరకు సాయంత్రం పూట నేను గడియారం వైపు చూసేదాన్ని కాదు. సందు మొదట్లో టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు వచ్చేది. మా ఆయన తొక్కడం ఆపి సైకిలును దాని మానాన వదిలేస్తే వెనక చక్రం చేసే చప్పుడు అది. అది చెవిన పడగానే టీకి నీళ్లు పెట్టేదాన్ని. నీళ్లు మరిగేలోపు ఆయనా, వాళ్లక్కా పోట్లాడుకుంటూ లోపలికి వచ్చేవారు. ఆయన పోయాక టీ నీళ్లకు వేళ తెలియకుండా పోయింది. ఒకరోజు ముందే మరిగిపోయేవి, ఇంకోరోజు వదిన వచ్చి కూర్చున్నా పొయ్యి వెలిగి ఉండేది కాదు.

వాళ్లక్క అంటే మా వదిన. మాతోనే ఉంటుంది. కళ్లద్దాల దుకాణం వెనక గదిలో కూర్చుని, ఫ్రేములో పట్టేలా అద్దాల అంచులు అరగదీయడం ఆమె పని. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. సైకిలు తొక్కడం కూడా తనే నేర్పించింది. నిరుడు నరం దెబ్బతిని ఆమె కుడికాలికి మోకాలి కింద పట్టు తప్పింది. అప్పటి నుంచి రోజూ తమ్ముడే సైకిలు మీద దింపి, తీసుకొచ్చేవారు. గేర్లూ వంపు హాండిలూ ఉన్న పాత అల్యూమినియం రేసు సైకిలది, వెనక సీటు లేదు. నేను మడిచి ఇచ్చిన తువ్వాలు ముందు కడ్డీ మీద వేసుకుని, ఆ వయసులో చిన్నపిల్లలా పక్కకు తిరిగి కూర్చునేది.

"పడేశావో, నీ ముక్కు మా దుకాణం సానరాయి మీద పెట్టి అరగదీస్తా" అని బెదిరించేది.

"ముందు నువ్వు బరువు తగ్గవే అక్కా, కడ్డీ వంగిపోతోంది" అనేవారు ఆయన.

ఒక పొద్దున ఆయన నిద్రలోంచి లేవలేదు. సైకిలు వరండా గోడకు ఆనించినట్టే ఉండిపోయింది. వదిన నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. కాలీడ్చుకుంటూ చేరేసరికి దుకాణం తెరిచి చాలాసేపయ్యేది. యజమాని కొన్నాళ్లు ఊరుకున్నాడు. తర్వాత, ఈ నెలాఖరు దాకా చూస్తానని, అప్పటికీ ఇలాగే వస్తే ఆ బల్ల దగ్గర ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటానని చెప్పేశాడు. ఆ మాట వదిన నాకు నవ్వుతూనే చెప్పింది. కానీ కంచం ముందు కూర్చుని, తినకుండానే చేయి కడిగేసుకుంది.

రెండ్రోజులాగి అడిగింది.

"మరదలా, తమ్ముడి సైకిలు ఫిక్సుడు చేయిద్దామనుకుంటున్నా. నీకేం ఇబ్బంది లేదుగా?"

ఫిక్సంటే బిగించడమే కదా. కాలికి కసరత్తు ఉండాలని డాక్టరు చెప్పి ఉన్నాడు. నేలకు బిగించి ఇంట్లోనే తొక్కుతుంది కాబోలు అనుకున్నాను. ఆయన సైకిలు ఇంట్లోనే ఉంటుందంటే నాకూ ప్రాణం కుదుటపడింది.

"మంచిది వదినా. కిటికీ దగ్గర పెట్టించండి, గాలి వస్తుంది" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసి, "గాలి చక్రాల్లో ఉంటే చాల్లే" అంది.

ఆదివారం సైకిలు షాపతను వచ్చాడు. చుట్టుపక్కలంతా అతన్ని స్పోకులాయన అంటారు. నేను లోపల బీరువా జరిపి కిటికీ పక్కన చోటు ఊడ్చి బయటికి వచ్చేసరికి, గేర్లూ తీగలూ వరండా అంతా పరిచి ఉన్నాయి. వెనక చక్రం ఊడదీసి పక్కన పడుకోబెట్టాడు.

"అయ్యో, ఇదేమిటండీ! బిగించమంటే విప్పేశారు?"

"విప్పకుండా ఎలా బిగిస్తానమ్మా?"

"నేలకు బిగించడానికి ఇవన్నీ విప్పాలా?"

స్పోకులాయన పానా పట్టుకుని వదిన వైపు చూశాడు. వదినకు నా కిటికీ మాట అప్పుడు అర్థమైంది. గోడ పట్టుకుని పడీపడీ నవ్వింది. ఆయన పోయాక ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలు.

"కదలకుండా చేయడం కాదమ్మా, అసలు ఆగకుండా చేయడం" అన్నాడు అతను. "ఈ కొత్త చక్రానికి పెడల్నే బిగించేస్తున్నా. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే. మామూలు సైకిలు మీద అక్క కుడికాలు పైకొచ్చి మొరాయిస్తోంది. దీని మీదైతే ఎడమకాలు తోస్తే చాలు, కుడికాలిని చక్రమే లాక్కుపోతుంది."

"మరి ఆ టిక్కు టిక్కు?"

"అది ఉండదమ్మా. తొక్కడం ఆపితే కదా ఆ చప్పుడు."

వదిన నవ్వు ఆగిపోయింది. ఆ చప్పుడుకు నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్లడం ఆమెకు తెలుసు.

"చూడు, నీకు వద్దనిపిస్తే ఇప్పుడే పాత చక్రం ఎక్కించేస్తాడు. నేను నడుస్తాలే" అంది.

గుమ్మం పక్కన ఆమె చెప్పులు ఉన్నాయి. నేలకు రాసుకుని రాసుకుని కుడిచెప్పు ముందువైపు కాగితంలా అరిగిపోయింది.

"బిగించండి" అన్నాను.

కొత్త చక్రం ఫ్రేములో వదులుగా ఉంది. వదిన ఊరుకోలేక, "ఫ్రేమును రెండువైపులా నొక్కిపట్టి బిగించెయ్యవయ్యా" అంది.

"ఇనుమైతే నొక్కేవాణ్ణే అక్కా, అది వంగినా మాట వింటుంది. అల్యూమినియం అలా కాదు. పైకి బాగానే ఉంటుంది, లోపల చీలుతుంది. ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా..."

అక్కడితో నాలుక కరుచుకున్నాడు. డబ్బాలో వెతికి రెండు వాషర్లు తీశాడు. ఇటొకటి, అటొకటి పెట్టి సందు పూడ్చాడు. చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగువు చూసి నట్లు బిగించాడు. ముందు బ్రేకు అలాగే ఉంచాడు. సీటు దింపబోతే దింపాల్సిన పని లేకపోయింది. అక్కాతమ్ముళ్లవి ఒకే పొడుగు కాళ్లు.

సైకిలును పక్కకు వంచి ఎక్కి, కుడి పాదాన్ని పెడలుకు పట్టీతో కట్టించుకుంది వదిన. నాలుగు తొక్కులు బాగానే తొక్కింది. అలవాటు కొద్దీ కాళ్లు ఆపింది. పెడలు ఆగలేదు. ఆమెను సీటు మీద నుంచి ఎత్తి కుదేసింది.

"ఒరేయ్ తమ్ముడూ! నీ సైకిలు నన్ను తంతోందిరా!"

వీధంతా వినిపించేలా అరిచింది. స్పోకులాయన సీటు పట్టుకుని పక్కనే పరిగెత్తుతున్నాడు. కాసేపటికి వదిలేశాడు. వదిన సందు చివరిదాకా వెళ్లి తిరిగి వస్తోంది. కుడికాలు ఎడమకాలితో సమానంగా పైకీ కిందికీ వస్తోంది. చక్రం కిమ్మనడం లేదు.

ఆ వారమంతా నా చేత సీటు పట్టించి సాధన చేసింది. పై సోమవారం యజమాని తాళంచెవులతో వచ్చేసరికి ఆమె దుకాణం మెట్ల మీద కూర్చుని ఉందట. "బల్ల తుడుచుకోనివ్వండి" అందట. అతను నవ్వి, ఇంకొకరి మాట ఇక ఎత్తనన్నాడట.

ఆ సాయంత్రం నేను వంటింట్లో ఉండగా వెనక నుంచి "టీ ఏదే?" అని వినబడింది. చేతిలో జల్లెడ జారి పడింది.

"దొంగలా వచ్చారేం వదినా!"

"నేను దొంగనా? గేటు తోస్తే ఊరంతా వినబడేలా కీచుమంది, నీకే వినబడలేదు. స్పోకులాయన నూనె డబ్బా వదిలేసి వెళ్లాడుగా, రేపు నాలుగు చుక్కలు వెయ్యి."

ఆ గేటుకు నూనె వేస్తానని మా ఆయన ఎన్నాళ్లుగానో అంటూనే ఉండేవారు. మర్నాడు డబ్బా తీసుకుని గేటు దగ్గరికి వెళ్లాను. ముందు ఒకసారి తోసి చూశాను. కీచుమంది. ఇంకోసారి, సైకిలు పట్టేంత తెరిచాను. సందు మొదటిదాకా వినబడుతుందనిపించింది. డబ్బా మూత బిగించి బీరువా మీద పెట్టేశాను.

ఆ సాయంత్రం సందులో ఏ చప్పుడూ లేకుండానే గేటు కీచుమంది. లేచి నీళ్లు పెట్టాను. వదిన పాదానికి పట్టీ విప్పుకుని, చెప్పులు విడిచి, లోపలికి వచ్చేసరికి మరుగుతున్నాయి.

"గేటుకు నూనె వెయ్యలేదా?"

"వెయ్యలేదు వదినా."

"రేపైనా వేస్తావా?"

"రేపూ వెయ్యను" అని గ్లాసు ఆమె చేతికిచ్చాను.