రష్యన్ కీబోర్డు, మూడో ప్రయత్నం

ఉదయం ఆరూ ఇరవైకి మా ఊరు ట్రాయ్‌లో షికాగో రైలెక్కాను. మధ్యాహ్నం ఒంటిగంటకు షికాగోలోని ఒక ఆసుపత్రిలో నా రెసిడెన్సీ ఇంటర్వ్యూ, అంటే డాక్టరుగా శిక్షణకు. రష్యాలో నేను ఎంబీబీఎస్ చదివిన కాలేజీ మార్కుల పత్రం తెమ్మని నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. పత్రం కాలేజీ వెబ్‌సైట్‌లో ఉంది. పాస్‌వర్డ్ అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే అకౌంట్ లాక్. తెరిపించాలంటే మనిషి రష్యా వెళ్లాలి. వీసా ఎటూ తేలని నేను దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదో.

స్టేషన్‌లో దింపుతూ మా ఆయన కిరణ్, "ట్రైన్‌లో ట్రై చేయకు ప్లీజ్. టైమ్ ఇమ్మని ఆసుపత్రి వాళ్లనే రిక్వెస్ట్ చేద్దాం" అన్నాడు. ఇవ్వకపోతే ఏమిటని ఇద్దరం అనుకోలేదు.

హాస్టల్లో మా తెలుగు అమ్మాయిలందరిదీ ఒకటే పద్ధతి. రష్యన్ కీబోర్డు ఆన్ చేసి, ఇంగ్లిష్‌లో కొట్టినట్టే ఒక తెలుగు మాట కొట్టేవాళ్లం. పడేవి మాత్రం అర్థంలేని రష్యన్ అక్షరాలు. ఏ దొంగకూ దొరకదని మా ధీమా. ఇప్పుడు మాట గుర్తున్నా నాకే దొరకడం లేదు.

ఏడున్నరకు ఆన్ ఆర్బర్‌లో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. రష్యన్ ఆవిడ, పేరు గలీనా, షికాగోలో కూతురి దగ్గరికట. నేను ఖాళీ పేజీలో ఏదో కొడుతుంటే లాప్‌టాప్ వైపు వంగి చూసింది.

"అమ్మాయ్, ఇదేం కీబోర్డు? ఇంగ్లిష్ 'ఏ' మీద కొడితే మాకు 'ఫ' రావాలి. నీకు 'అ' వస్తోంది. ఇది ఇంగ్లిష్ వాళ్ల సౌకర్యానికి చేసిన ఫోనెటిక్!"

నిన్న కంగారులో లిస్టులో కనబడిన మొదటి రష్యన్‌ను నొక్కేశాను. ఆ రెండుసార్లూ చేతులారా పోగొట్టుకున్నవే. మామూలు రష్యన్‌కు మార్చాను కానీ వేళ్లు కదల్లేదు.

పాస్‌వర్డ్ సంగతంతా ఆమెకు చెప్పి, "మళ్లీ తప్పితే?" అన్నాను.

"కొట్టకపోయినా తప్పినట్టే కదా" అంది గలీనా.

రైలు కుదుపుకి వేలు పక్క మీట మీద పడుతుందని భయం. బాటిల్ క్రీక్ స్టేషన్ దాటిపోయింది, కొన్న శాండ్‌విచ్ అలాగే ఉంది. కలమజూ స్టేషన్‌లో ఎదురు రైలు కోసం పది నిమిషాలు ఆపారు. కళ్లు మూసుకుని కొట్టాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. గలీనా నా మోచేయి పట్టుకుంది. నా మార్కులు వచ్చాయి. సిగ్గులేకుండా ఏడ్చాను.

షికాగో టైము మా ట్రాయ్ కన్నా గంట వెనక కాబట్టి ప్రింట్ తీయించుకునే తీరిక దొరికింది. ఇంటర్వ్యూలో ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. నాలా రష్యాలో చదివి వచ్చినవాళ్లకు ఒక్క మాట: ఫోనెటిక్ జోలికి పోకండి.

సాయంత్రం తిరుగు రైలులో ఆ పాస్‌వర్డ్ మార్చేశాను కనుక ఇప్పుడు చెప్పవచ్చు. మొదటి ఏడాది శవాలు కోసే గదిలో కళ్లు తిరిగి పడిన రోజు పెట్టుకున్నాను. 'భయపడకు.' ఆరేళ్లు కొట్టిన మాటే. కలమజూలో కొడుతున్నప్పుడు మాత్రం దాని అర్థం తట్టనే లేదు.