ఉమ్మి కడిగిన అద్దం

1962 నవంబరు 27, మంగళవారం. ఉదయం పది గంటలు. కోటయ్య గారి మిరపతోటలో బావి. ఉన్నవాళ్ళు: రైతు కోటయ్య గారు, ఆయన తమ్ముడు సాంబయ్య, దూదేకుల మస్తాన్, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. తేదీ సరైనదే. ఉన్నవాళ్ళ పేర్లు సరైనవే. కింద రాసిన పదకొండు పంక్తుల్లో ఒకటి అబద్ధం. ఆ ఒక్క పంక్తిని ఇన్నేళ్ళూ మోశాను. బరువు అంటే అందరూ గుండె మీద అంటారు. నాకు మాత్రం అది కుడిచేతిలో ఉండేది. కలం పట్టుకున్నప్పుడల్లా తెలిసేది. ఇప్పుడు ఎనభై దాటాయి. అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అలా అయితేనే చెప్పగలను.

అప్పుడు నేను దాచేపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో గ్రామసేవకుణ్ణి. రైతులకు కొత్త విత్తనాలు, ఎరువులు, ఆయిలింజన్లు అలవాటు చెయ్యడం నా ఉద్యోగం. రోజూ ఏం చేశామో డైరీ రాసి ఆఫీసుకు పంపాలి. ఒక నకలు నా దగ్గర ఉంచుకునేవాణ్ణి. ఉద్యోగం ముగిశాక కూడా ఆ అలవాటు పోలేదు.

కోటయ్య గారి బావికి ఇంజను పెట్టించింది నేనే. రాతిలో తవ్విన బావి. పాతిక అడుగుల నీళ్ళు. సున్నపురాయి నేల కాబట్టి నీళ్ళు తేటగా ఉండేవి. ఇంజను గొట్టం చివర జల్లెడలాంటి ఇనప మూతి ఉంటుంది. అది అడుగున బురదలో కూరుకుపోయింది. ఇంజను ఆడుతోంది, నీళ్ళు రావడం లేదు. మూడెకరాల మిరప పూత మీద ఉంది. గొట్టాన్ని గొలుసుతో జానెడు ఎత్తి, దాని కింద ఒక నాపరాయి జరిపి, మళ్ళీ దాని మీద దించితే బురద తగలదు. ఎవరో ఒకరు మునిగి ఆ రాయి జరపాలి.

మునిగేవాడు మస్తాన్. వాళ్ళది దూది ఏకే వృత్తి. విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి పరుపులకీ దిళ్ళకీ దూది ఏకేవాడు. బావిలో చేద పడినా బిందె పడినా అతన్నే పిలిచేవాళ్ళు. ఊపిరి బిగబట్టి నిమిషమున్నర ఉండేవాడు. కానీ నీళ్ళలో ఉత్త కళ్ళకి అంతా మసకే కదా. బిందె అయితే చేత్తో తడిమి తీసుకోవచ్చు. గొట్టం కింద రాయి సరిగ్గా జరపాలంటే చూపు కావాలి. అందుకని మద్రాసులో మా అక్కగారింటికి వెళ్ళినప్పుడు నేనే ఒక నీళ్ళద్దం కొనుక్కొచ్చాను. ఇప్పటివాళ్ళు మాస్క్ అంటున్నారు. మేము నీళ్ళద్దం అనేవాళ్ళం.

రేవు దగ్గర పాత ఓడసామాను అమ్మే ఒక ముసలాయన దుకాణం అది. మూడు రకాలు చూపించాడు. మొదటిది కళ్ళకు మాత్రమే, రెండు గుండ్రటి అద్దాలు. చూడ్డానికి అదే బాగుంది. అది వద్దన్నాడు. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు అద్దాన్ని లోపలికి నొక్కుతాయి, కళ్ళు పీకుతాయి, రక్తం చిమ్ముతుంది. ముక్కు కూడా లోపలే ఉంటే ముక్కుతో కాస్త గాలి వదిలి సరిచేసుకోవచ్చు. రెండోది పెద్దది, ముఖమంతా కప్పేది. అదీ వద్దన్నాడు. లోపల ఎంత ఖాళీ ఉంటే మనిషి తన ఊపిరిలోంచి అంత గాలి దానికి ధారపొయ్యాలి. మూడోది చిన్నది. ఒకే మందపాటి అద్దం, ముక్కు లోపల, ముఖానికి దగ్గరగా. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో లోపలికి పీల్చమన్నాడు. చెయ్యి వదిలినా పడకపోతే సరిపోయినట్టు. పీల్చాను, పడలేదు. కొన్నాను. నా ముఖానికి చూసుకుని కొన్నాను. మునిగేది మస్తాన్ అన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తుందా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆఖర్న అసలు కిటుకు చెప్పాడు. కొత్తగా ఉన్నప్పుడు లోపల పళ్ళపొడితో బాగా తోమాలి. మునిగే ముందు లోపల ఉమ్మేసి, వేలితో అద్దమంతా రుద్ది, ఒక్కసారి నీళ్ళలో ముంచి తియ్యాలి. తుడవకూడదు. అలా చెయ్యకపోతే మనిషి ఊపిరి వేడికి, నీళ్ళ చలికి, లోపల ఆవిరి పట్టి ఏమీ కనపడదు.

రైల్లో కూచుని ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. అంకెలు వేసి రాశాను. ఉమ్మి సంగతి మాత్రం రాయలేదు.

మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎక్కువ. అన్నం గిన్నె ముట్టుకున్న చెయ్యి కడగకుండా ఇంకో వస్తువు ముట్టుకుంటే మా అమ్మ ఊరుకునేది కాదు. నేను అవన్నీ వదిలేశానని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. సభల్లో మాట్లాడేవాణ్ణి. అన్ని పేటల్లోనూ మంచినీళ్ళు తాగేవాణ్ణి, తాగినట్టు అందరికీ కనపడేలా తాగేవాణ్ణి. వదిలేశాననే నమ్మాను. నమ్మినవాడు ఆ ఒక్క మాట రాయడానికి ఎందుకు వెనకాడాడు? పైగా అప్పుడప్పుడు నేనూ ఆ అద్దం పెట్టుకుని నీళ్ళలోకి చూడాలని ఆశ ఉండేది.

మస్తాన్‌కు మొదట అద్దం కుదరలేదు. మీసం దగ్గర నీళ్ళు కారేవి. మీసం తీసేస్తే సరిపోతుందన్నాను. మర్నాడు తీసేసి వచ్చాడు. ఆవిరి సంగతి తనే కనిపెట్టాడు. ఒకరోజు చిరాకుపడి అద్దంలో ఉమ్మేసి రుద్దాడు, మసక పోయింది. "మద్రాసాయన ఇది చెప్పలేదా అండీ?" అని అడిగాడు. చెప్పలేదన్నాను. అది మొదటి అబద్ధం. చిన్నది. దాన్ని నేను లెక్కలోకి కూడా తీసుకోలేదు.

ఇక ఆ మంగళవారం. ముందురోజే మస్తాన్ బురద తోడి, నాపరాయిని తాడుతో అడుక్కు దించి పెట్టాడు. పొద్దున గొలుసు బిగించారు. తాడు ఒక కొస మస్తాన్ నడుముకి, రెండో కొస సాంబయ్య చేతిలో. ఒకసారి లాగితే గొట్టం ఎత్తాలి, రెండుసార్లు లాగితే దించాలి.

కోటయ్య గారు గొలుసు పట్టుకుని నవ్వుతున్నారు. "ఏరా మస్తానూ, ఆ మూతి ఏందిరా. మీసం లేకుండా పోతే మీ ఆవిడ ఇంట్లోకి రానిచ్చిందంటరా?"

"ఆవిడ రానిచ్చిందండీ. మా చిన్నదే ఎవరో అనుకుని ఏడుపు మొదలెట్టింది. గొంతు విన్నాక గానీ ఊరుకోలేదు."

"మూతి సంగతి సరే, పూత రాలిపోతోంది. తొందరగా కానియ్యి."

ముందు నేను పైనుంచి ఒకసారి చూస్తానన్నాను. గొట్టం ఎటు వాలిందో చూసి చెప్తే మస్తాన్‌కు ఊపిరి కలిసొస్తుంది. అది నిజమే. నాకు చూడాలని ఉందన్నదీ నిజమే. మస్తాన్ అద్దం తీసుకున్నాడు. లోపల ఉమ్మేశాడు. బొటనవేలితో అంచుల దాకా ఓపిగ్గా రుద్దాడు. నీళ్ళలో ఒక్కసారి ముంచి, రెండు చేతులతో నాకు అందించాడు.

"మీకోసం తయారు చేశానయ్యగారూ. ఇంక మసక పట్టదు."

తరవాత మెట్టు మీద కూచుని కళ్ళు మూసుకున్నాడు. మునిగే ముందు కాసేపు అలా ఊపిరి నిదానం చేసుకునేవాడు. అన్నదమ్ములిద్దరూ పైన గొలుసు దగ్గర ఉన్నారు. నేను నీళ్ళ అంచున ఆఖరి మెట్టు మీద ఉన్నాను. ఎవరూ చూడలేదు. నేను అద్దాన్ని నీళ్ళలో ముంచి కడిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు. వేలితో తోమి కడిగాను. భుజం మీద తువ్వాలుతో లోపల పొడిగా తుడిచాను. అప్పుడు పెట్టుకున్నాను.

మెట్టు పట్టుకుని నీళ్ళలో ముఖం పెట్టాను. ఇరవై లెక్కపెట్టే లోపల అద్దం తెల్లబడింది. గొట్టం కనపడలేదు. ఏమీ కనపడలేదు. లేచి ఆ మాట చెప్పాలి. చెప్తే, రుద్దాను గదా ఎందుకు పట్టింది అని మస్తాన్ అడుగుతాడు. అందుకని అతనికి కాస్త వీపు తిప్పి అద్దాన్ని మళ్ళీ తుడిచి, నీళ్ళలో ముంచి ఇచ్చాను.

ఆ తరవాత మేమిద్దరం అనుకున్న నాలుగు మాటలు అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"కనపడిందాండీ?"

"బాగా కనపడుతోంది. గొట్టం తూర్పుకు వాలింది."

"అద్దం లోపల చెయ్యి పెట్టలేదు గదా?"

"లేదు."

"అయితే మళ్ళీ ఉమ్మే పని లేదు," అని పెట్టుకుని మునిగాడు.

తూర్పుకు వాలిందన్నది కూడా నేను ఊహించి చెప్పిందే. ఎందుకు చెప్పాను? కనపడిందన్నాక ఏదో ఒకటి కనపడాలి కదా.

తాడు ఒకసారి కదిలింది. గొట్టం ఎత్తారు. చాలాసేపు ఏమీ లేదు. నేను లెక్కపెడుతున్నాను. డెబ్భై దాటాక తాడు రెండుసార్లు కదిలింది. దించారు. వెంటనే తాడు పిచ్చిగా కొట్టుకుంది. గొట్టం మళ్ళీ ఎత్తారు. మస్తాన్ పైకి వచ్చాడు. అద్దం ముఖం మీంచి జారి మెడలో వేలాడుతోంది, నిండా నీళ్ళు. కుడిచేతి మూడు వేళ్ళు రాయికీ ఇనప మూతికీ మధ్య నలిగిపోయాయి. కోటయ్య గారు తలగుడ్డ చింపి కట్టారు. దాచేపల్లి తీసుకెళ్ళడానికి సాంబయ్య బండి కట్టడానికి పరిగెత్తాడు.

బండి వచ్చేదాకా మస్తాన్ గట్టు మీద కూచున్నాడు. నొప్పి గురించి మాట్లాడలేదు. నా వంక చూసి నెమ్మదిగా అన్నాడు. "అంతా పొగ కమ్మినట్టయిందయ్యగారూ. పైకి వచ్చేద్దామనుకున్నా. మీకు కనపడింది గదా, నాకెందుకు కనపడదని ఇంకాసేపు చూశా. రాయి మీంచి చెయ్యి తీసేశాననే అనుకున్నా." మెడలో అద్దాన్ని ఎడమచేత్తో తిప్పి చూసి మళ్ళీ అన్నాడు. "అద్దం బాగానే ఉంది గదా. నా కళ్ళే అయ్యుంటాయి."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉందా? కోటయ్య గారు పక్కనే ఉన్నారు. బండి ఇంకా రాలేదు. ఒక్క మాట. అద్దం నేను కడిగాను. ఎందుకు కడిగారంటారు. అక్కడ ఆగిపోయాను. వేళ్ళు నలగడానికి కారణమయ్యానని చెప్పుకోవడం కష్టమే, కానీ చెప్పేవాణ్ణేమో. అతని ఉమ్మి తగిలిందని కడిగానని చెప్పడం నా వల్ల కాలేదు. నేను దాచింది ప్రమాదాన్ని కాదు. నన్ను.

సాయంత్రం డైరీ రాశాను. పదకొండో పంక్తి ఇది: "మునిగిన మనిషికి చూపు సరిగా ఆనకపోవుటచే ప్రమాదము జరిగినది." అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

మస్తాన్ మళ్ళీ మునగలేదు. విల్లు నారిని కొట్టే కొయ్యని ఆ చెయ్యి పట్టలేకపోయింది. రెండు నెలలకు నేను బదిలీ అడిగి వేయించుకున్నాను. మస్తాన్ పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల దగ్గర కాపలాకి కుదిరాడని తరవాత ఎవరో చెప్పారు. ఇంకొన్నేళ్ళకు పోయాడని తెలిసింది. వెళ్ళి ఉండొచ్చు. బస్సులు ఉన్నాయి. వెళ్ళలేదు. అతను నన్ను క్షమించేవాడా అని ఒకప్పుడు ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. అడగనివాడికి ఆ ఆలోచన దేనికి?

అద్దం కడిగింది నేను. తుడిచింది నేను. లేదని చెప్పింది నేను. ఈ మూడు ముక్కలు కాగితం మీద పెట్టాక చెయ్యి కొద్దిగా తేలికపడింది. అంతకంటే ఏమీ జరగలేదు, జరుగుతుందని అనుకోలేదు కూడా. ఇంకొక్కటి మిగిలింది. అది డైరీలో అసలు లేదు.

మర్నాడు పొద్దున్నే మస్తాన్ భార్య కాశింబీ నా గదికి వచ్చింది. చంకలో చిన్నపిల్ల. గడప బయటే నిలబడింది. చెయ్యి ఎలా ఉందని అడిగాను.

"చెయ్యి మానుద్దిలెండి. ఆయన దిగులంతా కళ్ళ గురించేనండీ. ఉన్నట్టుండి చూపు పోయిందంటన్నాడు. రాత్రంతా దీపం దగ్గర పెట్టుకుని, కనపడతందా లేదా అని నన్నే అడుగుతున్నాడు. గుంటూరులో కళ్ళ డాక్టరు గారికి మీరొక చీటీ రాసిస్తే చూస్తారంట గదండీ."

కుర్చీలో కూచున్నాను. కాగితం తీశాను. తేదీ వేశాను. ఈ మనిషికి కంటిచూపు మందగించినట్లు తోచుచున్నది, దయచేసి పరీక్షించవలెను అని రాశాను. కింద సంతకం పెట్టాను.

కాశింబీ చీటీ మడిచి కొంగున ముడివేసుకుంది. "కళ్ళు బాగయితే మళ్ళీ మీ పనికే వస్తాడండీ," అంది.