స్కాట్లాండ్‌కు ముందు నా ఇంట్లో

ఈ సంగతి జరిగి చాలా ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అక్షరాలు రాకపోవడం. మా నాన్న విజయనగరం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరాడు. ఇంట్లో పెద్దపిల్లని నేనే. బడి గంట మోగే వేళకి నా చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవారు. పెళ్ళయ్యాక చేతిలోకి గరిటె వచ్చింది. అరవై దాటి, మెస్‌ను కోడలికి అప్పగించాక, మా వీధిలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ దగ్గర అ ఆలు దిద్దుకున్నాను. మొన్న ఆవిడే, "మీ పనిలో మరిచిపోలేని మనిషి గురించి రాసుకురండి" అన్నారు. నా ఇంట్లో ఉండి వెళ్ళినవాళ్ళు ఎంతమందో. కానీ కలం పట్టగానే పైడమ్మ వదిన వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎక్కడా నిమిషం కూర్చోలేని మనిషి.

అది 1993. బిలాస్‌పూర్‌లోని కుదుదండ్ పేటలో మా ఇంటి ముందు మూడు గదుల్లో నేను మెస్ నడిపేదాన్ని. మెస్ అంటే పడక, పొద్దున్న టిఫిన్, రెండు పూటలా భోజనం. ఉండేవాళ్ళని బోర్డర్లు అంటారు. బ్యాంకులకీ బొగ్గు గనుల ఆఫీసులకీ ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళే ఎక్కువ. ఈ పనిలో అసలు పరీక్ష కూర కాదు, మొదటి రాత్రి నిద్ర. కూర బాగోలేకపోతే సర్దుకుంటారు. నిద్ర పట్టకపోతే వేరే గది చూసుకుంటారు. అందుకే కొత్త బోర్డర్ దుప్పటి నా చేత్తో నేనే ఉతికి ఎండలో వేసేదాన్ని. మొదటి పొద్దున్న ఏం తింటావని మాత్రం అడిగేదాన్ని కాదు. అడిగితే మొహమాటానికి 'ఏదైనా పరవాలేదు' అంటారు. పెట్టి, కంచంలో ఏది మిగిలిందో చూసుకుంటే తెలిసిపోతుంది.

ఆ ఏడాది వేసవిలో సింహాచలం అన్నయ్య ఒక మధ్యాహ్నం చంకలో మ్యాప్ పెట్టుకుని వచ్చాడు. అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు, మా నాన్న పనిచేసిన లైను మీదే ఇంజను నడిపిన డ్రైవరు. అప్పుడే రిటైరయ్యాడు. పడుచు వయసులో ఆయన ఫైర్‌మన్‌గా బొగ్గు వేసిన స్టీమ్ ఇంజను పక్కన ఒక ఇత్తడి పలక ఉండేదట. దాని మీద 'గ్లాస్గో' అని ఊరి పేరు. రోజూ నూనె గుడ్డతో ఆ పలకని తుడిచేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్య పైడమ్మ వదినని ఇంజన్ల షెడ్‌కి తీసుకెళ్ళి ఆ పలక చూపించి, "ఇది పుట్టిన ఊరు నీకు సూపిస్తాను పైడీ" అని మాటిచ్చాడు. ఆ ఇంజను తుక్కులోకి వెళ్ళిపోయింది గానీ మాట మిగిలింది.

ఆ ఊరు స్కాట్లాండ్‌లో ఉందని మా బోర్డర్ ప్రసాద్ చెప్పాడు. గుంటూరు అబ్బాయి, బ్యాంకులో ఆఫీసరు. హోటళ్ళు ఖరీదని, 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' ఇళ్ళకి ఉత్తరాలు రాద్దామన్నాడు.

"అదేటి బాబూ?" అన్నాడు అన్నయ్య.

"ఏం లేదండీ, మామూలు కుటుంబాలే. ఇంట్లో ఒక గది అద్దెకిస్తారు. రాత్రి పడక, పొద్దున్నే ఇంటావిడ చేతి టిఫిన్. తిని ఊరు చూడ్డానికి వెళ్ళిపోవడమే."

"అచ్ఛా! అంటే మన నరసమ్మ సెల్లి యాపారమే!"

"అవునండీ. ఈవిడకి ఇంగ్లీషు బోర్డు ఒక్కటే తక్కువ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, సముద్రాల అవతల ఎవరో ఒకావిడ నాలాగే దుప్పట్లు ఎండేసుకుంటోందన్న మాట ఆ రాత్రంతా నాతోనే ఉండిపోయింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు కలలా గడిచాయి. భోజనాల బల్ల తుడిచి మ్యాప్ పరిచేవాళ్ళం. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు. బయట కాకులు కూడా నోరు తెరుచుకుని నీడకి చేరే ఎండ. లోపల మాత్రం అన్నయ్య వేలు సరస్సుల వెంట చల్లగా జరిగేది. ముందు గ్లాస్గో, తర్వాత కొండల మీదికి రైలు, ఒక కోట, ఒక సముద్రపు రేవు. జవాబులు వస్తే ప్రసాద్ చదివి చెప్పేవాడు. కొన్నిటిలో ఫోటోలు ఉండేవి. చదువుకోనిదాన్ని కాబట్టి అవి నా వంతు. ఒకదానిలో కిటికీ పక్కన మంచం, దాని మీద పూల దుప్పటి, కిటికీ అవతల నీళ్ళు, నీళ్ళ మీద పొగమంచు. ఆ దుప్పటి మీద ముడత ఒక్కటి కూడా లేదు. మంచి చేతులమ్మా, అనుకున్నాను.

పైడమ్మ వదిన కూడా వచ్చి నా పక్కన కూర్చునేది. కూర్చోవడం అంటే, చేతిలో చిక్కుడుకాయలో బియ్యమో ఉండాలి. ఫోటోలు చూసేది. కోటల గురించి ఒక్క మాట అడిగేది కాదు. ఎప్పుడూ ఆ ఇంటావిడ గురించే.

"ఆ అమ్మకి పనికెవరైనా ఉన్నారా బాబూ?"

"రాయలేదండీ. తనే చేసుకుంటుందేమో."

"మరి మనం లేసీసరికి తనే లేసి వండీస్తాదా?"

"అదేనండీ బ్రేక్‌ఫాస్ట్ అంటే."

వదిన చిక్కుడుకాయల వైపు తల వంచేసుకునేది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

పాస్‌పోర్టులు వచ్చిన రోజు అన్నయ్య మిఠాయి పొట్లంతో వచ్చాడు. వెనకే వదిన వచ్చి, మా అందరి ముందూ చెప్పేసింది.

"నాను రాను. నువ్వెళ్ళి సూసొచ్చీ."

"ఏటే అదీ? ఏటయ్యింది?"

"తెలీనోల్ల ఇంట్లో నాకు నిద్రట్టదు."

టికెట్ల ఏజెంటుకి సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి. అన్నయ్య మిఠాయి పొట్లం విప్పకుండానే బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఇంటికి వెళ్ళిపోయాక నాతో మెల్లగా అన్నాడు.

"సెల్లీ, నానొక్కణ్ణీ ఎల్లి ఏటి సెయ్యను? ఆ ఇంజన్ల ఊరు నాకోసమే గానీ, ఆ కొండలూ నీల్లూ దానికోసం గదా. ఒక్క రాత్రి నీ ఇంట్లో ఉంచి సూడు. రిహార్సల్ అనుకో. నీ ఇంట్లో నిద్ర పడితే ఆ దొరసాని ఇంట్లోనూ పడతాది."

నిద్ర పట్టించడం నా వృత్తి. ఒప్పుకున్నాను.

శనివారం సాయంత్రం ఇద్దరూ రెండు వీధుల అవతల నుంచి సంచితో వచ్చారు. వదిన పట్టుచీర కట్టుకుని, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రసాద్ గుమ్మంలో అడ్డంగా నిలబడి, "మేడమ్, పాస్‌పోర్ట్ ప్లీజ్" అన్నాడు.

"జరగరా నాయినా, నువ్వూ నీ యేసాలూనూ!"

ముందు గది ఇచ్చాను. కిటికీ దగ్గరికి మంచం జరిపి, ఉన్నవాటిలో మంచి పూల దుప్పటి పరిచాను. కిటికీ అవతల సరస్సు లేదు, మున్సిపాలిటీ కుళాయి ఉంది. తలుపు దగ్గరికి వేస్తూ, "పొద్దున్న టిఫిన్ అయ్యాక నేనే తలుపు కొడతాను. అందాకా లేవకు" అన్నాను. వదిన బుద్ధిగా తలూపింది.

పొద్దున్న నేను వంటింట్లోకి వెళ్ళేసరికి దీపం వెలుగుతోంది. పొయ్యి మీద ఉప్మా, రోట్లో పచ్చడి, తోమి బోర్లించిన నా గిన్నెలు. వదిన ముక్కాలి పీట మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. బోర్డర్లు లొట్టలు వేసుకుంటూ తిన్నారు. ప్రసాద్ మారు అడిగాడు. అన్నయ్య మాత్రం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఒలే, అక్కడా ఇలాగే వంటింట్లో దూరిపోతే, దొరసాని దొంగలనుకుని పోలీసుల్ని పిలుత్తాది!"

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. ఉప్మా గరిటె చేతిలోనే ఉంది.

"నీకేటి, నవ్వుతావు. నీకలవాటు. నీ సర్వీసంతా రన్నింగ్ రూముల్లోనే గదా!"

రన్నింగ్ రూమ్ అంటే డ్రైవర్లూ గార్డులూ డ్యూటీ దిగిన ఊళ్ళో విశ్రాంతి తీసుకునే చోటు. మంచం, దుప్పటి ఉంటాయి. వంటవాడు వండిపెడతాడు.

"రాయగఢ్‌లో ఒకడు వండినాడు, షహడోల్‌లో ఒకడు వండినాడు. లేసీసరికి నీకు పళ్ళెం రెడీ. మరి నాకూ? కాల్‌మన్ ఏ యేలకొచ్చి తలుపు కొట్టినా నీకంటే ముందు నానే లేసినాను. నువ్వు మొకం కడుక్కొచ్చీలోగా బాక్సు కట్టీసినాను. నిద్రట్టింది నాకు రాత్రి. బాగానే పట్టింది. తెల్లారగట్ల మెలకువొచ్చి, నరసమ్మొదిన నాకోసం లేత్తాదని తలుసుకుంటే కాళ్ళు ఆగలేదు. ఇంకో ఆడది నాకోసం లేసి వండితే, ముద్ద నాకు గొంతు దిగదయ్యా."

కాల్‌మన్ అంటే డ్యూటీకి పిలవడానికి ఇంటికి వచ్చే రైల్వే మనిషి. ఆ తలుపు చప్పుడు మా వాడల్లో ఆడవాళ్ళందరి ఒంట్లోనూ ఉంటుంది. అన్నయ్య కంచంలో ఉప్మాని వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, తన కంచం తనే కడిగి బోర్లించాడు. ఆయన కంచం కడగడం నేను చూడ్డం అదే మొదలు.

మేము పరీక్ష పెట్టింది నిద్రకి. ఆవిడ తప్పింది టిఫిన్‌లో. ఇంకో రాత్రి ఉండమన్నాను. సాయంత్రం ఇద్దరం వాకిలి మెట్ల మీద కూర్చున్నప్పుడు అడిగాను.

"వొదినా, పొద్దున్న నువ్వు ఉప్మా చేసీసినప్పుడు నాకేటనిపించిందో చెప్పనా?"

"ఏటి?"

"సదర్ బజార్‌లో ఒక సేటు పొద్దున్నే వచ్చేసరికి, వాడి కొట్టు ఇంకెవడో తెరిచి అమ్మకం మొదలెట్టీసినాడనుకో. వాడికెలాగుంటాది? అలాగుంది."

వదిన నా ముఖంలోకి చూసింది.

"నిజమేటి? కష్టం తగ్గిందని సంతోసిస్తావనుకున్నాను."

"నువ్వు తింటూ ఉంటే చూద్దామని ఇడ్లీకి రుబ్బుకున్నాను. ఆ పిండి అలాగే ఉంది. ఆ దొరసానీ అంతే. నీకోసం లేవడం ఆవిడ పని. ఆ పని నువ్వు లాక్కోకు."

కుళాయి దగ్గర బిందెల వరస తరిగి, ఆఖరి బిందె నిండి, నీళ్ళు ఆగిపోయాయి. "మరైతే రేపు ఇడ్లీయేనా?" అంది వదిన.

తెల్లవారి నేను పిండి పోస్తుంటే ముందు గదిలో మంచం కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. నేను పని ఆపలేదు. ఇడ్లీ దించి, వెళ్ళి తలుపు కొట్టాను. వదిన మంచం మీద కూర్చుని, రెండు చేతులతో మంచం పట్టెని గట్టిగా పట్టుకుని ఉంది, కదిలే బండిలో కూర్చున్నట్టు. బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. మొదటి ఇడ్లీ తుంచి, నమిలి, మింగింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. పచ్చడి కారమేమో అన్నట్టు కొంగుతో తుడుచుకుని, "ఇంకోటెయ్యి" అంది. సోమవారం అన్నయ్య ఏజెంటుకి అవునని చెప్పాడు.

వాళ్ళు వెళ్ళి వచ్చారు. ఆ కబుర్లతో నాకు ఒక వర్షాకాలం గడిచింది. అక్కడ రాత్రి భోజనాలయ్యాక కూడా వెలుతురు పోదట. కొండలు తడి గొంగళి కప్పుకున్నట్టు ఉంటాయట. గ్లాస్గోలో ఇంజన్లు చేసిన చోట ఏమీ లేదు. "గోడ ఒక్కటే ఉందొదినా. మీ అన్నయ్య ఆ గోడకి సెయ్యానించి నిలబడిపోయినాడు. నాను గొడుగట్టినాను."

"మరి పొద్దున్న టిఫిన్?"

"టమాటా ముక్క ఏపి పెట్టింది, ఉప్పు నేదు, కారం నేదు! గానీ ఆ తల్లి మీ అన్నయ్యకంటే ముందు నా పళ్ళెం తెచ్చింది. తలుపు కొట్టీదాకా లేవనేదు నాను. ఒక పూటైతే ఆ చప్పుడే ఇనబడనేదు, అంత నిద్ర."

ఈ సంగతి నాకు నేర్పింది చిన్నది. మంచి పడక, మంచి తిండి ఇస్తే బోర్డర్‌కి చాలనుకునేదాన్ని. తీసుకోవడం కూడా ఒక పని అని, అది చేతకానివాళ్ళు మన మధ్యే ఉన్నారని, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళేనని అప్పటిదాకా తెలియదు. నేనూ అందులోదాన్నేనని అసలే తెలియదు.

అది చెప్పింది కూడా వదినే. ఆ కబుర్లన్నీ అయిన సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. సంచిలోంచి పాత చీర తీసి, "రేపు పొద్దున్న నీ పొయ్యి నాది. నువ్వే బోర్డరువి" అంది. నేను కుదరదన్నాను. బోర్డర్లు ఏమంటారన్నాను. ఆవిడ నా మాట నాకే తిప్పి కొట్టింది.

"రేపు కొట్టు నాది వొదినా. నువ్వు తెరిసీకు."

మర్నాడు ఎప్పటి వేళకే మెలకువ వచ్చింది. వంటింట్లో ఆవాలు చిటపటమన్నాయి. ప్రసాద్‌ని వదిన కసురుతోంది, గిన్నెలో చెయ్యి పెట్టాడేమో. నా గిన్నెల చప్పుడు ఇంకొకరి చేతిలో కొత్తగా వినబడింది. నా కాళ్ళు వాటంతట అవే నేల మీదికి దిగాయి. పైకి తీసుకున్నాను, మళ్ళీ దిగాయి. మంచం పట్టెని రెండు చేతులతో పట్టుకున్నాను. కిటికీలో వెలుతురు మెల్లగా తెల్లబడుతోంది.

తలుపు మీద చప్పుడైంది. "లే వొదినా, టిఫినైపోయింది."

వినబడింది. అయినా ఆవిడ ఇంకోసారి పిలిచేదాకా లేవలేదు.