గంట కోసం పైకి చూసినాయన

అమలాపురం బస్టాండులో డ్రైవరు దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించాడు. పొగ పైకి లేవగానే నా పక్క సీటాయన బస్సు కప్పు వంక కన్నార్పకుండా చూడసాగాడు. కండక్టరు తాడు లాగాడు. గంట మోగాకే ఆయన తల దించాడు.

నా నోరు ఊరుకోదు కదా, “ఏం చూస్తున్నారండీ?” అని అడిగేశాను.

“అలవాటండి. మస్కట్‌లో స్మోక్ డిటెక్టర్లని, పొగని పసిగట్టే మిషన్లు సీలింగుకి బిగించి వైర్లు కలుపుతానండి. కలిపేక ఒక్కోదాని కిందా అగరొత్తు పట్టుకుని చూస్తాం. గంట మోగితేనే పనైనట్టు.”

“సెలవు మీద వచ్చేరాండీ?”

“ఆయ్. తమ్ముడు మొన్న పోయేడండి. నాకోసం ఉంచేరు.”

కాళ్ల దగ్గరి సంచీని ఒళ్లోకి తీసుకున్నాడు.

“ఈపాటికి తల దగ్గర కట్టలు కట్టలు వెలిగించుంటారు. మస్కట్‌లో నేను ఒక్కటి వెలిగిస్తే చాలండి, ఎంత నిద్దట్లో ఉన్నోళ్లయినా లేచొచ్చేస్తారు.”

ఆయన ముక్తేశ్వరంలో దిగిపోయాడు.

చాలా ఏళ్లయింది. ఇప్పటికీ చావింటికి వెళ్లినప్పుడు, అగరొత్తుల పొగ వెంట నా చూపు ఇంటికప్పుదాకా వెళుతుంది. అక్కడే కాసేపు ఆగి చూస్తాను.